గుడ్డ కట్టిన పిందెలు

మా సొరపాదుకు పిందెలు పడుతున్నాయి గానీ కాయలు నిలవడం లేదు. ఒకటో రెండో రాలితే పాదు గుణం అనుకోవచ్చు. వరసగా అన్నీ రాలుతుంటే దాని వెనక ఎవరో ఒక మనిషి ఉన్నట్టే.

అట్లాంటి మనుషులకు మా వీధిలో కొదవ లేదు. పెరటి గోడకు అటు పక్క నా బామ్మర్ది హెన్రీ ఇల్లు. ఇటు పక్క భీమక్క ఇల్లు. నడుమ నా పాదు.

ఓర్వకల్లు పక్కన మాకు చేను ఉండేది. ఫ్యాక్టరీలకని తీసుకున్నారు. మా నాయన శెనక్కాయ వేసిన నేల మీదే ఇప్పుడు నేను వాచ్‌మన్‌గా నిలబడి లారీలకు గేటు కడ్డీ ఎత్తుతున్నాను. అది చాలదన్నట్టు ఏటా కోతపండుగ వస్తుంది. ఆ రోజు చర్చిలో ప్రతి ఇంటివాళ్ళూ తాము పండించిన దాంట్లో మొదటిది తెచ్చి ప్రభువు బల్ల ముందర పెట్టాలి. చేను పోయినప్పటి నుంచి నేను కర్నూలులో కొని తెచ్చి పెడుతున్నాను. పోయినేడు గుమ్మడికాయ సంచి మోసుకుని మెట్లెక్కుతుంటే, హెన్రీ అందరికీ వినపడేలా అన్నాడు.

“బావా, సంచి తిప్పి పట్టుకో. దేవుడు అంగడి పేరు చదువుకుంటాడు.”

జనమంతా నవ్వారు. పాస్టరయ్య బైబిలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. నా భార్య రాహేలమ్మ కూడా కొంగు నోటికి పెట్టుకుంది. దగ్గు వచ్చిందని తర్వాత చెప్పింది.

అందుకే ఈసారి స్నానాల నీళ్ళు పారే చోట నా చేత్తో సొర విత్తనం పెట్టాను. పెరట్లో వంకాయ, గోంగూర, కొత్తిమీర లేకపోలేదు. అవి రాహేలమ్మ నాటినవి. ఆమె వంకాయలు పట్టుకుపోతే అదీ అరువు సొమ్మే. నేను నాటిన పాదుది ఒక్క కాయ, ఒక్కటంటే ఒక్కటి, ఆ బల్ల ముందర పెట్టాలి. అంతకు మించి నేను దేవుణ్ణి ఏమీ అడగలేదు.

మొదట భీమక్క మీద అనుమానం వచ్చింది. కరివేపాకు కోసమని వచ్చి పందిరి కింద నిలబడింది.

“అగో, ఆడొకటి, ఈడొకటి! శానా పడినాయి కదప్పా రాజప్పా!” అని వేలు చాపి చూపించింది.

పిందెను వేలెత్తి చూపిస్తే కుళ్ళిపోతుందని మా వైపు పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. చూపాలంటే వేలు మడిచి చూపాలి. ఇట్లాంటివి నమ్మొద్దని పాస్టరయ్య చెబుతాడు. ఆయనకు పాదు లేదు.

“వేలు మడువక్కా!” అని అరిచాను.

“మడిచే చూపినా కదప్పా. ముసలి వేలు, ఇంతకంటే మడవదు” అంది. కరివేపాకు మాత్రం ఆ వేళ్ళతోనే చేటెడు దూసుకుని పోయింది.

వారం తిరగకముందే ఆ పిందెలు పసుపుపచ్చగా మారి రాలిపోయాయి.

ఇక నేను ఎవరికీ కనపడకుండా చేయాలనుకున్నాను. పాత చీర చింపి, పిందె పుట్టీ పుట్టగానే, దాని కొసన మొగ్గ ఇంకా ముడుచుకుని ఉండగానే, చుట్టూ గుడ్డ కట్టేశాను. రాహేలమ్మ చూసి నడుము మీద చేతులు పెట్టుకుంది.

“పువ్వు ఇచ్చుకోకముందే మూట కడితే ఎట్లయ్యా? పువ్వు ఇచ్చుకోవాల, పురుగు వాలాల. అప్పుడు కదా కాయ నిలిచేది.”

పురుగు వాలితే పంట పోతుందని మందు కొట్టీ కొట్టీ వీపు వంగినవాణ్ణి నేను. ఈమె పురుగు వాలాలంటుంది. కాయగూరల సంగతి ఆడవాళ్ళకే తెలుస్తుందని కాసేపు అనిపించకపోలేదు. కానీ ఆమె హెన్రీకి అక్క. ఆ మాట పక్కన పెట్టి ఇంకో ముడి వేశాను.

మర్నాడు గోడ మీద హెన్రీ తల మొలిచింది.

“ఏం బావా, పిందెలకు మాస్కులు కట్టినావు? కరోనా మళ్ళా వచ్చిందా?”

“నీ కండ్లకు మందు లేదు గదరా. అందుకు.”

“నా కండ్లా? మా ఇంట్లో సొరకాయ కూర ఎవురూ తినరు బావా. నా పెండ్లాం ప్రేమజ్యోతి వండితే మేకలు గూడా తినవు.”

అంతలో లోపలి నుంచి ప్రేమజ్యోతి ఏదో గిన్నె విసిరిన చప్పుడైంది. నేను నవ్వలేదు. కూర తినని మనిషికి నా పాదు మీద రోజూ ఏం పని? వాడి చూపు పందిరి మీద ఆగలేదు, పందిరి దాటి తన మేకల కొట్టం దాకా పోయి వచ్చింది. ఆ చూపు నాకు నచ్చలేదు.

గుడ్డల్లోని పిందెలూ రాలాయి. ముడులు చూశాను. నేను వేసిన ముడులు వేసినట్టే ఉన్నాయి. విప్పి మళ్ళీ అట్లాగే వేశారంటే తెలివైనవాళ్ళే. ఆ రోజు డ్యూటీకి పోయేటప్పుడు పాదు చుట్టూ బూడిద చల్లాను. తిరిగి వచ్చి చూస్తే అడుగుల ముద్రలు ఉన్నాయి. చెప్పులు లేని అడుగులు, మడమ పగిలినవి. ఆ మడమలు నేను ఎరిగినవే.

“పాదుకాడికి ఏంటికి పోయినావు?” అని రాహేలమ్మను అడిగాను.

“నీళ్ళు పోసేకి. నువ్వు గుడ్డలు కట్టేదే గానీ నీళ్ళు ఎవురు పోస్తాండారు అనుకున్నావు?” అంది. తర్వాత ఇంకోలా చూసింది. “నన్నూ కాపలా కాస్తాండావా?”

ఆ రాత్రి అన్నం పళ్ళెంలో పెట్టింది, పక్కన కూర్చోలేదు.

పండుగ ఆదివారం. శుక్రవారం పొద్దున ఆఖరి గుడ్డ విప్పాను. వేలెడు లావైనా కాని పిందె మెత్తబడి నా వేళ్ళకు అంటుకుంది. అప్పుడు గోడ దగ్గరికి పోయి, వీధిలో పోయేవాళ్ళు ఆగేటట్టు అరిచాను.

“నా చేను పోయింది. నా పాదు గూడా పోవాల్నా నీకు? ఈసారీ సంచి మోస్తే నవ్వాలని గదరా నీ ఆశ?”

హెన్రీ మేకలకు ఆకు వేస్తున్నాడు. నా వైపు చూశాడు, వీధిలో ఆగినవాళ్ళను చూశాడు, ఏదో చెప్పబోయి మానుకున్నాడు. ఎప్పుడూ నోరు మూయనివాడు ఆ రోజు మూశాడు. తప్పు చేసినవాడు కాకపోతే ఏంటికి మూస్తాడు?

శనివారం మధ్యాహ్నం ఆడవాళ్ళంతా చర్చి అలంకరణకు పోయారు. నేను సంచి తీసుకుని కర్నూలు బస్సుకు బయలుదేరాను. ఈసారి పేరు లేని సంచి. తన వాకిట్లో హెన్రీ అడ్డం నిలబడ్డాడు.

“బావా, సంచి ఈడ పెట్టు. నాతో రా.”

“యాడికి?”

“మేకల కొట్టం ఎనక్కి. కొట్టేకి పిలుస్తాండానా ఏంది, రా.”

కొట్టం వెనక బోదగడ్డి కప్పుకు నిచ్చెన ఆనించి ఉంది. దాని కాళ్ళ కింద నేల ఏటవాలు. వాడు నన్ను ముందు ఎక్కమన్నాడు. నేను ఎక్కలేదు. వెనక్కి జరిగి, మునికాళ్ళ మీద లేచి, కప్పు మీదికి చూశాను.

నా పందిరి నుంచి ఒక తీగ గోడ దాటి, కొట్టం నడికప్పు దాటి, నాకు కనపడని వాలులో దిగి ఉంది. దాని కొసన నా మోచెయ్యంత పొడవు కాయ లేతాకుపచ్చగా బోద మీద పడుకుని ఉంది. దాని ఒంటి మీద గుడ్డ లేదు.

నా నోట మొదట వచ్చిన మాట ఇది: “ఎన్నాళ్ళుగా దాచిపెట్టినావు?”

“పిందె అప్పటి నుంచే.”

“చెప్పల్యా!”

“చెప్తే దీనికీ గుడ్డ కడతావని చెప్పలే బావా. అక్క చెప్తే ఇన్నావా, నేను చెప్తే ఇనేకి? నిన్న చెబుదామనుకున్నా. అంతమందిలో చెప్తే నువ్వు సిగ్గుతో పాదే పీకేస్తావని ఊరకుండినా.”

ఈ మాటలన్నీ ముందే కూర్చుకున్నాడేమో అనుకున్నాను. కాయను రేపు వాడే చర్చికి తీసుకుపోయి, తన కొట్టం మీద కాసిందని చెప్పుకోవచ్చు. ఎందుకు అట్లా చేయడం లేదో నాకు తోచలేదు. తోచకపోవడం నాకు అలవాటు లేదు.

“నువ్వే కోసిస్తే సరిపోయుండు గదా” అన్నాను.

“నేను కోస్తే దొంగంటావు. పాదు నీది, కాయ నీది. నువ్వే ఎక్కి కోసుకో. నిచ్చెన పట్టుకుంటా.”

వాడిచ్చిన కొడవలి నడుముకు చెక్కి ఎక్కాను. మెట్టు మెట్టుకూ కిందికి చూశాను. వాడు రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు. పైకి చేరి, ఒక చేత్తో వాసం పట్టుకుని, ఇంకో చేత్తో తొడిమ కోశాను. కాయ చల్లగా ఉంది. నూగు అరచేతికి గుచ్చుకుంది. చంకలో పెట్టుకుంటే జారింది. రొమ్ముకు అదుముకుంటే దిగడానికి చెయ్యి లేదు. కొడవలి కింద పడేశాను. అయినా ఒక చెయ్యే మిగిలింది. ఒంటిచేత్తో ఒక మెట్టు దిగగానే నిచ్చెన పక్కకు ఒరిగింది. హెన్రీ భుజం అడ్డం పెట్టి ఆపాడు.

“అట్ల దిగితే నువ్వూ కాయా ఇద్దరూ పగుల్తారు బావా. అందియ్యి.”

“నిచ్చెన ఎవురు పట్టుకుంటారు?”

“నేనే పట్టుకోవాల. నాకుండేది రెండు చేతులే. ఏదో ఒకటి చెప్పు. కాయనా, నిచ్చెనా?”

చుట్టూ చూశాను. మేకలు తప్ప ఎవరూ లేరు. కాయను వాడి చేతికి ఇస్తే అది వాడి చేతిలో ఉంటుంది. నేను పైన ఉంటాను. ఆ తర్వాత ఏం జరిగినా నేను చూస్తూ ఉండాల్సిందే.

“నిచ్చెన వదులు” అన్నాను.

వంగి కాయను కిందికి దించాను. వాడు రెండు అరచేతులూ చాపి, చంటిబిడ్డను అందుకున్నట్టు అందుకుని, రెండడుగులు వెనక్కి జరిగాడు. కాళ్ళ కింద నిచ్చెన వణుకుతోంది. కాయ మీద నుంచి చూపు తీయకుండా, కింది మెట్టును కాలితో వెతుక్కుంటూ, నేను మెల్లగా దిగసాగాను.