నా పొయ్యి మీద సవతి

నేను ఒక దోశల పెనాన్ని. అట్ల పెనం అన్నా పలుకుతాను. చపాతీల పెనం అని మాత్రం అనకండి. ఆ మాట అన్నవాళ్ల దోశ నా మీంచి ఎప్పుడూ సరిగ్గా లేవలేదు.

కమ్మరి కొలిమిలో పుట్టి, సమ్మెట దెబ్బలు తిని పెరిగాను. అందుకే నా నడిమధ్య చిన్న పల్లం ఉంది, నూనె ఎటు పోసినా అక్కడికే జారుతుంది. సంతలో గోనెపట్టా మీద పడి ఉన్న నన్ను తణుకు సుందరమ్మగారు వేలితో కొట్టి, మోత విని కొనుక్కున్నారు. ఇంటికి తెచ్చి చింతపండూ ఉప్పూ వేసి రుద్దారు. నూనె రాసి కాల్చారు, చల్లార్చి మళ్లీ రాశారు. మొదటి దోశలన్నీ ముక్కలు ముక్కలుగా వచ్చినా విసుక్కోలేదు. నల్లగా, నున్నగా తేలేదాకా ఓపిక పట్టారు. కన్నపిల్లల విషయంలో కూడా మనుషులు అంత ఓపిక పట్టడం నేను చూడలేదు.

కొడుకు ప్రభాకరానికి పెళ్లయి భ్రమరాంబ కాపురానికి వచ్చాక, ఆవిడ నన్ను కోడలి చేతిలో పెట్టారు.

"దీని మీద అట్టు తప్ప ఇంకోటి కాల్చకమ్మా. సబ్బు తగలనివ్వకు. కోపం వస్తే నా మీద చూపించు, దీని మీద చూపించకు" అన్నారు.

భ్రమరాంబ ఆ మాట తప్పలేదు. ఉల్లిపాయను సగానికి కోసి, నూనెలో ముంచి, రోజూ సాయంత్రం నా మొహమంతా తుడిచేది. ఆ చెయ్యి తగిలితే నాకు ప్రాణం లేచివచ్చేది. సుందరమ్మగారు పోయాక ఆ చేతికి నేనూ, నాకు ఆ చెయ్యీ మిగిలాం. కూతురు సుధ కాకినాడ హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇంట్లో మొగుడూ పెళ్లామూ ఇద్దరే. ప్రభాకరానికి బస్టాండు దగ్గర కళ్లద్దాల షాపు. అతన్ని నిక్కర్ల నాటి నుంచీ ఎరుగుదును కాబట్టి గారు అనను. రాత్రిపూట అన్నం మానేసి నాలుగు దోశలు తినేవాడు. అవి వేసినంతసేపూ భ్రమరాంబ నా ముందే నిలబడేది. చివర్లో గిన్నె అంచులకున్న పిండి గీకి తనకొకటి వేసుకునేది. అది మూతపెట్టి, అంట్లన్నీ సర్దాక ఎప్పుడో తినేది.

ఉన్నట్టుండి ఆ నాలుగు దోశలు రెండయ్యాయి. కొన్నాళ్లకి ఒకటయింది. నా మీద అనుమానం రాలేదు భ్రమరాంబకి, అది ఆమె మంచితనం. పిండి పులిసిందేమో అనుకుంది. ఒంట్లో బాగాలేదా అని అడిగింది. ఒకరోజు అతని చొక్కా జేబు మీద ఆకుపచ్చ మరక కనపడింది.

"ఇదేంటండీ?"

"చట్నీ. షాపు ముందు మదన్ అని ఒకాయన శాండ్‌విచ్ బండి పెట్టాడులే. సాయంత్రం ఆకలేస్తుంటే..." అని నసిగాడు.

పరాయి ఆడదాని పేరు చెప్పినా ఆమె అంత బాధపడేది కాదనుకుంటాను. తన వంట కాదని మొగుడు వీధిలో నిలబడి తింటున్నాడు. ఆ రాత్రి నన్ను తుడుస్తూ, "చూశావా, బ్రెడ్డుముక్కలకి పడిపోయాడు" అంది. ఇద్దరం ఒక పక్షమే అని నేను పొంగిపోయాను. మర్నాడే ఆమె స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లి ఒక టోస్టరు కొనుక్కొచ్చింది.

అదీ నా సవతి. అల్యూమినియం ఒళ్లు, ఎర్ర పిడులు. రెండు పలకల మధ్య బ్రెడ్డు పెట్టి మూసేస్తే లోపల ఏం జరుగుతోందో దేవుడికే తెలియాలి. నా మీద ఏది కాలినా బాహాటంగా కాలుతుంది. పైగా దానికి ఏ సాధనా అక్కర్లేదు, కొన్న రోజే పనిలోకి దిగింది. నా పొయ్యి మీద, నా మంట మీద, భ్రమరాంబ దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పుతుంటే నేను గోడవారగా నిలబడి చూశాను. కడుపు మండిపోయింది. పొయ్యి మీద లేకుండానే కాలడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

మొదటి శాండ్‌విచ్ చూసి మాత్రం కాస్త ఊరట కలిగింది. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి రుబ్బి వదిలెయ్యాలా? లేదు. చెయ్యి ఊరుకోక చింతపండు వేసింది. ఆవాలు, మినప్పప్పు, ఇంగువతో పోపు పెట్టింది. బంగాళాదుంపను చక్రాలుగా తరిగే బదులు పసుపేసి కూర చేసేసింది. ప్రభాకరం కొరికాడు. పంటి కింద మినప్పప్పు కరకరలాడింది.

"పచ్చడి బాగుంది" అన్నాడు.

నేను లోలోపల పకపకా నవ్వుకున్నాను. కానీ భ్రమరాంబ వదిలే మనిషి కాదు. ఫోన్లో చూసింది, కూతుర్ని అడిగింది. వెన్న బ్రెడ్డు అంచుల దాకా రాస్తే చట్నీ తడి బ్రెడ్డులోకి దిగదని తెలుసుకుంది. చట్నీ చిక్కబడటానికి గుప్పెడు పుట్నాలపప్పు వేసింది, పోపు మానేసింది. ఉడికిన బంగాళాదుంప, బీట్‌రూటు, కీరా, టమాటా పల్చటి చక్రాలుగా కోసి, వరస వరసకీ చాట్ మసాలా చల్లింది. టోస్టరు తెరిస్తే బ్రెడ్డు బంగారు రంగులో కరకరలాడుతూ వచ్చింది. నాలుగు ముక్కలు చేసి పైన సన్నకారప్పూస చల్లింది. ఆ వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఒప్పుకోవడం నాకిష్టం లేదు గానీ, బాగా కుదిరింది.

అన్నాళ్లూ నన్ను ముట్టిన వాళ్లు లేరు. నూనె లేక నా ఒళ్లు ఎండిపోయింది, ఒక మూల ఎర్రగా తుప్పు పొడ కూడా లేచింది. ఎప్పుడైనా దయతలచి దోశ వేస్తే పట్టుకుని వదిలేదాన్ని కాదు. అట్లకాడతో గీకినా ముక్కలే ఇచ్చేదాన్ని. నాకు పశ్చాత్తాపమేమీ లేదు.

ఇంతా చేస్తే ప్రభాకరం ఇంట్లో శాండ్‌విచ్ "బాగుంది, బాగుంది" అని తినేవాడే గానీ, బండి దగ్గరికి వెళ్లడం మానలేదు. జేబు మీద మళ్లీ మరక. "ఇంకా ఏం తక్కువైందండీ?" అని ఆమె అడిగితే అతను ఆ మరకని వేలితో రుద్దుకున్నాడు. ఆ రాత్రి ఆమెకి నిద్ర పట్టలేదు. మొగుడికి తన ఇంట్లో దొరకనిదేదో అక్కడ దొరుకుతోంది, అదేమిటో కనిపెట్టి తీరాలి. మర్నాడు సాయంత్రం చీర మార్చుకుని నేరుగా ఆ బండి దగ్గరికే వెళ్లింది.

తిరిగొచ్చేసరికి మొహం ఎలాగో ఉంది. వంటింట్లోకి వచ్చి, ఏ పనీ మొదలుపెట్టకుండా నిలబడింది. షాపు కట్టేసి వెనకాలే వచ్చిన ప్రభాకరం గుమ్మంలో ఆగిపోయాడు.

"తిన్నావా?" అన్నాడు.

"లేదండీ. ఆయన అడిగాడు."

"ఏవని?"

"అమ్మా, మీకు ఏమేం వెయ్యమంటారు అని. నేను గబగబా చెప్పేశాను. ఉల్లిపాయ వద్దు, బీట్‌రూటు ఎక్కువ, చట్నీ రెండు వైపులా అని. ఆయన నవ్వి, అది సారు శాండ్‌విచ్ కదమ్మా, నాకు తెలుసు, మీది చెప్పండి అన్నాడు." ఆమె పొయ్యిగట్టు అంచు పట్టుకుంది. "నాది ఏం చెప్పాలో తోచలేదండీ. వెనక జనం నిలబడ్డారు. సిగ్గేసి వచ్చేశాను."

ప్రభాకరం గుమ్మం దాటి లోపలికి వచ్చాడు.

"అతను అడుగుతాడనే వెళ్తున్నానేమో నేను కూడా" అన్నాడు. "ఇంట్లో నువ్వు పెడతావు, నేను తింటాను. నేనూ నిన్నెప్పుడూ అడగలేదు."

అడగడం రాని మనిషా అంటే కాదు. పగలంతా ఊళ్లోవాళ్ల ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి పెట్టి "ఇప్పుడు బాగుందా, ముందుది బాగుందా" అని అడగడమే అతని వృత్తి. ఆ ఓపికంతా షాపులోనే పెట్టి తాళం వేసి వస్తాడు కాబోలు.

చొక్కా చేతులు పైకి మడిచి, కాళ్లూ చేతులూ కడుక్కొచ్చాడు. మేకుకి వేలాడుతున్న టోస్టరు అందుకున్నాడు. మళ్లీ ఇదేనా అనుకున్నాను.

"కూర్చో. నేనడుగుతున్నాను. నీకేం వెయ్యమంటావు?"

భ్రమరాంబ స్టూలు మీద కూర్చుంది. కొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. ఎంత ఆలోచించిందంటే, పరీక్షలో కూర్చున్న పిల్లలా అనిపించింది.

"దోశ వెయ్యండి" అంది. "వేడిది. పెనం మీంచి తిన్నగా నా కంచంలోకి."

"నాకు దోశ రాదే!"

"ఆ టోస్టరు మాత్రం ఏం వచ్చు మీకు?"

టోస్టరు మేకుకి తిరిగి వెళ్లింది. ఆ క్షణంలో నా సంతోషం చెప్పనలవి కాదు. అతను నన్ను తీసి పొయ్యి మీద పెట్టాడు, మంట ఎక్కువ చేశాడు. ఉల్లిపాయ కోసి, కావలసినదానికి మూడింతలు నూనెలో ముంచి, అద్దం తుడిచినట్టు సుతారంగా నన్ను తుడిచాడు. గరిటెడు పిండి పోసి తిప్పబోతే దోశ ఒకవైపు మందంగా, ఒకవైపు చిల్లులుగా పరుచుకుంది.

నన్ను కాదని బండి వెంట పోయిన మనిషి ఇతనే. పట్టుకుని వదలకపోతే ఏం చెయ్యగలడు? తుప్పు మూల ఉండనే ఉంది. వదలకూడదనే అనుకున్నాను. కానీ ఎదురుగా ఆమె ఒళ్లో కంచం పెట్టుకుని నా వైపే చూస్తోంది. ఆమె కాపురానికి వచ్చాక నా మీద కాలిన దోశలన్నీ ఆమె చేతివే. వాటిలో ఒక్కటి కూడా పొగలు కక్కుతుండగా ఆమె నోట్లోకి వెళ్లలేదు. అట్లకాడ దోశ అంచు కిందికి దూరింది. వదిలేశాను.

అంచు కాస్త చిరిగిన దోశ కంచంలో పడింది. ఆమె చట్నీ కోసం కూడా చూడకుండా ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"కాలుతోందా?" అన్నాడు కంగారుగా.

"కాలనివ్వండి" అంది.

అతను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "ఇంకోటి వెయ్యనా?"

ఆమె నమలడం ఆపి అతని మొహంలోకి చూసింది.

"మళ్లీ అడగండి" అంది.

అడిగాడు. నన్నెవరూ అడగలేదు, పెనాన్ని ఎవరడుగుతారు? అయినా రెండోదానికి వేడెక్కాను.