అటే పోతున్నవ్ గదా

"ఎట్లన్న అటే పోతున్నవ్ గదా, ఈ పాల క్యాను జర సాముయేలుకు ఇచ్చిపో" అన్నది విమలమ్మ, కోడలు కృప సైకిలును గేటు దాటించాక. అడగటం కూడా కాదు, క్యాను తెచ్చి హ్యాండిలుకు తగిలించేసింది. సాముయేలు విమలమ్మ చిన్నకొడుకు, మొయినాబాదులో టిఫిన్ సెంటరు నడుపుతాడు. అతనికి మోటారు సైకిలుంది, రెండు కాళ్ళున్నాయి, పాలు మరిచిపోయే అలవాటూ ఉంది. కృపకు ఒళ్ళు మండింది. అయినా ఆ పొద్దున నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదా అని తర్వాత తలచుకున్నప్పుడల్లా తన మీద తనకే కోపమొచ్చేది.

ఆ సైకిలు ఆషామాషీ బండి కాదు. కృప తండ్రి యోసేపు బతికున్నన్నాళ్ళూ మొయినాబాదులో కిరాయి సైకిళ్ళ దుకాణం నడిపాడు. మిషను దవాఖానలో పనిచేసిన ఒక దొరసాని డాక్టరమ్మ, తన దేశం పోతూ పోతూ ఆయనకిచ్చిన రేసు బండి అది. సన్న టైర్లు, గేర్లు, సీటు నుంచి హ్యాండిలు దాకా అడ్డంగా డండీ, గొర్రెకొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు. యోసేపు దాన్ని ఏనాడూ కిరాయికివ్వలేదు. ఆయన పోయాక తల్లి సారమ్మ మేకల కొట్టంలో ఏళ్ళ తరబడి పడి ఉంది.

కృప దాన్ని బయటికి లాగింది సరదాకు కాదు. మొయినాబాదు అవతలి ఇంజనీరింగు కాలేజీలో, కంప్యూటరు ల్యాబులో ఆమె అటెండరు. ఊడవటం, తుడవటం, సార్లకు చాయ తేవటం. "పిల్లలు రాకముందు ఒక గంట వచ్చి కూర్చోని నేర్చుకో అమ్మా, ల్యాబు అసిస్టెంటు పోస్టు పడుతది, పరీక్ష రాయొచ్చు" అన్నాడు ల్యాబు సారు. ఇంటరుతో చదువాగిపోయిన కృపకు ఆ మాటతో నిద్రపట్టలేదు. కానీ ఆ గంట ఎలా దొరకాలి? మొయినాబాదు పక్కన వాళ్ళ ఊరు హిమాయత్‌నగరులో షేరాటో నిండితే గానీ కదలదు, నిండాక పక్కవాడి మోచెయ్యి ఊరుకోదు. భర్త వరప్రసాద్ ఐటీ కంపెనీకి క్యాబు నడుపుతాడు. రాత్రంతా ఆఫీసు ఆడపిల్లల్ని ఇళ్ళకు చేర్చి, తెల్లారి సుమోను ఇంటి ముందు పెట్టి పడుకుంటాడు. ఒక్కరోజు దింపమంటే "కంపెనీ బండే, మీటరు చూస్తరు" అన్నాడు. ఆయనే అన్నం తింటూ గొప్పగా చెప్పేవాడు: "మేడం లోపలికి పోయి లైటేసిందాక నేను గేటు కాడ నుంచి కదలొద్దు. రూలు." కృప వింటూ కూర వడ్డించేది.

కొట్టంలో ఉన్న బండికి చైను తుప్పుపట్టి కడ్డీలా బిగుసుకుపోయింది. దాన్ని కిరసనాయిల్లో నానబెట్టింది. చక్రాలు విప్పి, బేరింగు గుండ్లు కడిగి, గ్రీజు పెట్టింది. రిమ్ముల వంకర తీయటం తండ్రి పక్కన కూర్చుని చిన్నప్పుడే నేర్చుకున్న పని. ఒక స్పోకు బిగించాలి, ఒకటి వదలాలి, ఓపిక పట్టాలి. రోజూ తొక్కేది గనక కొమ్ముల హ్యాండిలు తీసేసి, వీపు నిలిపి కూర్చునేలా తిన్నని హ్యాండిలు వేసింది. చున్నీ ఇరుక్కోకుండా చైనుకు కవరు బిగించింది, ముందర లైటు పెట్టింది. "డండీ ఉన్న మొగోల్ల బండెక్కుతవా? నలుగురు చూస్తే నవ్వరా?" అన్నది విమలమ్మ. మొదటిరోజు రోడ్డెక్కి, ఆగి ఉన్న షేరాటోను దాటిపోతూ కృప బెల్లు కొట్టింది, అక్కర లేకపోయినా. ల్యాబులో ఎవరూ లేని ఆ గంటలో తన పేరు తనే టైపు చేసుకుని చూసుకుంది. ఎంత సంబరమో!

పాల క్యాను ఎక్కిన నాటి నుంచి ఆ నవ్వే నలుగురూ ఎటుపోయారో మరి! మర్నాటికి విమలమ్మే ముందర బుట్ట కట్టించింది, తన బీపీ గోలీలకూ కూరగాయలకూ. సాముయేలు హ్యాండిలుకు కొక్కేలు వేయించాడు, ఒకటి పాలకు, ఒకటి రుబ్బిన పిండికి. వరప్రసాద్ రేషను బియ్యానికని వెనక క్యారియరు బిగించాడు. కూతురు మేరీ బడి కూడా ఆ దారిలోనే గదా అని డండీ మీద చిన్న సీటు వచ్చింది. పోనీ, పిల్లను తీసుకెళ్ళటం కృపకు ఇష్టమే. కానీ ఆ ఇష్టాన్ని సాకుగా చూపే మిగతావన్నీ ఆమె నెత్తికెత్తారు. తన బండి మీద తను కూర్చునే సీటొక్కటే తనకు మిగిలింది. కాలేజీకి చేరేసరికి పిల్లలు వచ్చి కంప్యూటర్ల ముందు కూర్చుని ఉండేవాళ్ళు. "ఈమధ్య వస్తలేవేందమ్మా?" అని సారు అడిగితే "ఇంట్ల పని సార్" అనేది. నాలుక కరుచుకోవాలనిపించేది.

పరీక్ష రోజు ముందే చెప్పింది, ఇవాళ ఏమీ పెట్టకండని. "ఈ ఒక్క పిండి డబ్బా. దుకాణం మూసుకోమంటవా వదినా?" అన్నాడు సాముయేలు ఫోనులో. పిండి తర్వాత పాలు, పాల తర్వాత ఆ దుకాణానికే బియ్యం సంచి. మొయినాబాదు రాకముందే వెనక చక్రంలో స్పోకులు టపటపా తెగాయి, రిమ్ము వంగిపోయింది, బండి పడింది. కృప ముందు మేరీని లేపి దుమ్ము దులిపింది. తన మోకాలు చూసుకోలేదు. బిడ్డను బడిలో వదిలి, పిండి డబ్బా, బియ్యం సంచి సాముయేలుకిచ్చి, "పాలన్నీ ఒలకపోస్తివా?" అనే మాట పడి, విరిగిన బండిని తోసుకుంటూ కాలేజీకి వెళ్ళింది. పాలు తప్ప ఎవరి సామాను వాళ్ళకు చేరింది, తను మాత్రం చేరలేదు. ల్యాబు తలుపులు వేసి ఉన్నాయి, లోపల పరీక్ష జరుగుతోంది. "మల్ల ఎప్పుడు పెడతరో చెప్పలేనమ్మా" అన్నాడు సారు. కృప బాత్రూములోకి పోయి, కొళాయి తిప్పి ఏడ్చింది. తర్వాత చీపురు తీసుకుంది.

ఇంట్లో ఒక్కరూ పరీక్ష సంగతి అడగలేదు. ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి వరప్రసాద్ పాలవాళ్ళ బండిది ఒక లావుపాటి చక్రం తెచ్చి అరుగు మీద పెట్టాడు. "రేపు డ్యూటీ నుంచి వచ్చినంక ఎనక ఫోర్కు వెల్డింగుల ఎడం చేపిస్త, ఈ చక్రం పడుతది. సిలిండరు పెట్టినా ఆగుతది. ఇగ పరీక్ష ఫికరు గూడ లేకపాయె, నిమ్మలంగ పో." నవ్వుతున్నాడు, పెళ్ళానికి మేలు చేస్తున్నానని నిజంగానే నమ్ముతున్నాడు. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు.  అతను డ్యూటీకి పోగానే కృప సారమ్మ ఇంటి నుంచి తండ్రి పానాల పెట్టె తెచ్చుకుంది. దానిలో స్పోకులున్నాయి. రాత్రి పడుకునేలోగా పాత చక్రం మళ్ళీ తిరిగింది.

తెల్లారి వరప్రసాద్ సుమో దిగేసరికి కృప వాకిట్లో పానా పట్టుకుని కూర్చుని ఉంది. బుట్ట విప్పి అత్త ముందు పెట్టింది. కొక్కేలు, క్యారియరు విప్పి అరుగు మీద పెట్టింది. "ఏమైందే నీకు? నా గోలీలెట్ల?" అంటోంది విమలమ్మ. పిల్ల సీటు దగ్గర కృప చెయ్యి ఆగింది. అన్నిటికంటే అదే కష్టమైంది. అదీ విప్పి భర్త చేతిలో పెట్టింది.

"పొద్దుగాల గంట నాది. మల్ల పరీక్ష పడుతది, ఎప్పుడైనా సరే. బిడ్డను నువ్వు దింపు."

"రాత్రంత బండి తోలొచ్చిన, నిద్రొస్తున్నది" అన్నాడు వరప్రసాద్, సీటును ఎటు పెట్టాలో తెలియక.

మేరీ సంచీ వీపుకు తగిలించుకుని గడపలో నిలబడింది. ఒకసారి తండ్రిని, ఒకసారి తల్లిని చూసింది.

"అమ్మా, బాపుకు మా బడి ఎక్కడున్నదో ఎరుకేనా?"

 వరప్రసాద్ తల వంచుకున్నాడు. కృప డండీ మీదుగా కాలు వేసి సీటెక్కింది.

"ఎరుక లేకుంటే నువ్వు తొవ్వ చూపియ్యి బిడ్డా" అన్నది.