రేకు మీద పేరు

దుర్గాభవాని మేడమ్‌కి కళ్లు మండుతున్నాయి. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలికి కాదు. ఎదురుగా మిషను తలుపు మీద, నాలుగు మూలలా మరలు బిగించి తళతళలాడుతున్న ఇత్తడి రేకుని చూసి. దాని మీద ‘ఆవిష్కర్త: డాక్టర్ ఝాన్సీ’ అని ఉంది. ఆ కింద యూనివర్సిటీ పేరు. ఆ కింద ఇంకొక పేరు పట్టేంత ఖాళీ ఉంది. పొద్దుట జీపు దిగిన దగ్గర్నుంచి ఆవిడ ఆ ఖాళీనే చూస్తోంది.

ఝాన్సీ పరాయిదేం కాదు. ఆవిడ దగ్గరే పరిశోధన చేసి, ఆవిడ నోటిమాట సాయంతోనే డిపార్ట్‌మెంట్‌లో ఉద్యోగానికి కుదిరిన పిల్ల. మిషనేమో చేపలు ఎండబెట్టేది. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డునున్న ఈ ఊళ్లో, కుమారి అనే ఆవిడ నడిపే ఆడవాళ్ల సంఘానికి యూనివర్సిటీ దాన్ని లైసెన్సు కింద ఇచ్చింది. ఇవాళే ప్రారంభం.

ఇలాంటి పెట్టె దుర్గాభవాని ఇరవై ఏళ్ల కిందటే చేసింది. పైన అద్దం, లోపల నల్లరేకు, నాలుగు ట్రేలు. దాన్ని ఏ పల్లెకైనా ఇద్దామని అడిగితే, “మనది చదువు చెప్పే చోటమ్మా, సరుకులమ్మే కొట్టు కాదు” అన్నాడు అప్పటి రిజిస్ట్రారు. రిపోర్టు మీద అప్పటి హెడ్డు తన పేరు ముందు వేసుకుని, ఈవిడ పేరు అడుగున వేశాడు. రిపోర్టు బీరువాలోకీ, పెట్టె ల్యాబు వెనక్కీ పోయాయి. ఇప్పుడందులో చీపుళ్లూ, మాడిపోయిన ట్యూబులైట్లూ కాపురముంటున్నాయి.

తీరా ఆవిడ రిటైర్మెంటు దగ్గరపడ్డాక ప్రభుత్వానికి మెలకువ వచ్చింది. యూనివర్సిటీలో పుట్టిన పరిజ్ఞానం యూనివర్సిటీలోనే కుళ్లిపోకూడదట. అది ఆ జిల్లాలోనే పరిశ్రమ కావాలట, నలుగురికి పని దొరకాలట, మగవాళ్లు గుజరాత్ పడవల మీదికి వలసపోవడం తగ్గాలట. పాలసీ వచ్చింది. దాన్ని అమలు చేయడానికి కమిటీ వేసి, అందులో దుర్గాభవానిని కూచోబెట్టారు. ఆవిడ బల్ల గుద్ది మరీ ఒక రూలు రాయించింది. బయటికి వెళ్లే ప్రతి మిషను మీదా కనిపెట్టినవాళ్ల పేరుండాలి, వాళ్ల పేరే ఉండాలి, హెడ్డులూ గైడులూ మధ్యలో దూరకూడదు. పాత హెడ్డు మీద కడుపుమంటతో రాయించిన రూలది. అది తిరిగొచ్చి తన మెడకే చుట్టుకుంటుందని ఆవేళ తోచలేదు పాపం.

‘ఇంతకీ ఏముందిందులో? నా పెట్టెలో నాలుగు రాళ్లు పోసింది, అంతేగా’ అనుకుంటోంది ఆవిడ, ఝాన్సీ ఈ మిషను చేసిన దగ్గర్నుంచీ, రెండేళ్లుగా, రోజూ.

రాళ్లే మరి. గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ దగ్గర గుట్టలుగా పడుండే స్లాగు రాళ్లు, ఖనిజం కరిగించాక మిగిలే చిట్టెం. ఝాన్సీ వాటిని తెచ్చి పెట్టె అడుగున పరిచింది. పగలంతా ఎండకి కాగి, పొద్దుగూకాక కూడా అవి వేడి వదులుతూనే ఉంటాయి. మబ్బు పట్టినా చేప చెడదు. దుర్గాభవాని పెట్టెకి మబ్బు కనిపిస్తే చాలు, జ్వరం వచ్చినట్టు అయిపోయేది. ఆవిడ పుట్టిల్లు విజయనగరం. ఆముదాలవలసలో రైలెక్కి గరివిడి మీదుగా ఎన్ని వందలసార్లు వెళ్లిందో లెక్కే లేదు. కిటికీలోంచి ఆ గుట్టల్ని చూసేది. చూస్తూ వేరుశనక్కాయలు తినేది. ఈ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా, అదేదో ఝాన్సీ చేసిన తప్పయినట్టు, ఆ పిల్ల మీద ఒళ్లు మండిపోయేది.

కొబ్బరికాయ కొట్టారు. ట్రేల నిండా నెత్తళ్ల చేపలు పేర్చి మీట నొక్కితే ఫ్యాను గిర్రున తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో ఝాన్సీ వాళ్లమ్మ సుభద్రమ్మ, నాగావళి పక్కన వరి పండించుకునే ఇంటి మనిషి, గుప్పెడు ఉప్పూ ఎండుమిరపకాయలూ పట్టుకుని వచ్చింది.

“మేడమ్ గారూ, పిల్లకీ మిషనుకీ కలిపి మీ సేత్తో దిష్టి తీసేయండి. పేపర్లో ఫొటో ఏసినకాణ్నుంచి అందరి కళ్లూ దీని మీదే ఉన్నాయి.”

“నేనా? నాకివన్నీ రావమ్మా.”

“పెద్దోరు మీరే కదా. దానికి నా తరవాత తల్లి మీరే. మీ సెయ్యి సల్లనిది.”

ఈవిడకి ఇంకెవరూ దొరకలేదా అనుకుంది దుర్గాభవాని. కాదంటే బాగుండదు. ఝాన్సీ సిగ్గుపడుతూ వచ్చి మిషను పక్కన నిలబడింది. దుర్గాభవాని గుప్పిట బిగించి తిప్పడం మొదలుపెట్టింది. ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయేవాళ్ల దిష్టి అని సుభద్రమ్మ ఒక్కొక్కటే అందిస్తుంటే ఆవిడ పలుకుతోంది. గురువుల దిష్టి ఆ వరసలో లేనందుకు లోపల్లోపల సంతోషించింది.

మిషను గాలి పీల్చుకునే నోటి దగ్గర నిప్పుల కుంపటి పెట్టారు. ఆవిడ ఉప్పూ మిరపకాయలూ అందులో వేసింది. ఉప్పు చిటపటలాడింది, మిరపకాయలు నల్లగా మాడాయి. ఆడవాళ్లందరూ కొంగులు ముక్కులకి అడ్డం పెట్టుకుని చూశారు. ఘాటు రాలేదు. ఒక్కరు కూడా దగ్గలేదు.

మిరపకాయలు కాలినా ఘాటు రాలేదంటే దిష్టి బాగా తగిలిందని లెక్క.

“అమ్మో అమ్మో! ఎంత దిష్టున్నాదో సూసినారా!” అంది కుమారి గుండెల మీద చెయ్యేసుకుని.

దుర్గాభవాని చూసింది. మిషను ఫ్యాను పొగనంతా లోపలికి లాక్కుని, పైగొట్టంలోంచి ఆకాశంలోకి పంపించేస్తోంది. ఘాటంతా లోపలి నెత్తళ్లకి పట్టి ఉంటుంది. ఆ మాట చెబుదామనుకునేలోగా కుమారి ఇసకదిబ్బ వైపు తిరిగింది. అక్కడ తవిటమ్మ కవళ్ల చేపలు ఆరబెట్టుకుంటోంది. సంఘంలో చేరకుండా సొంతంగా ఎండుచేపల బేరం చేసుకునే ముసలామె.

“ఇంకెవుల్ది? దానిదే! మిషను దిగిన కాణ్నుంచి కళ్లప్పగించి సూస్తన్నాది. పెట్టెలో ఎండిన సేపకి రుచేటుంటాది అన్నాది కూడాను. ఒసే తవిటీ! రేపట్నుంచి ఈ దిబ్బ మీద కనపడినావంటే ఊరుకోను. ఎత్తేయ్ నీ గంపలు!”

“నానేటి సేసినానే? సూడ్డం కూడా తప్పేటి?” అంది తవిటమ్మ. ఆ దిబ్బ పోతే చేప ఆరబెట్టుకోవడానికి ఆమెకి వేరే జాగా లేదు.

అప్పుడు దుర్గాభవానికి ఒళ్లు మండింది. జాలితో అనుకునేరు, కాదు. రెండేళ్లుగా నిద్ర మానుకుని, తిన్నది ఒంటబట్టక, కాయై పండైన కుళ్లు తనది. దాన్ని పట్టుకెళ్లి, మొన్న మొన్న నాలుగుసార్లు తొంగిచూసిన తవిటమ్మకి కట్టబెట్టేస్తున్నారు. పెట్టె తాలూకు పేరు ఝాన్సీకి పోయింది. ఆఖరికి దిష్టి తాలూకు పేరు కూడా ఇంకొకళ్లకేనా!

“అది తవిటమ్మ దిష్టి కాదు, నాది!” అని అరిచింది. “ఈ పిల్లని చూస్తే నాకు కుళ్లు. ఆ రేకుని చూస్తే కుళ్లు. ఇందాక దిష్టి తీస్తున్నప్పుడు కూడా కుళ్లుకుంటూనే ఉన్నాను. ఆ దిష్టంతా నాదే!”

ఆ వెంటనే ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. సుభద్రమ్మకైతే కళ్లలో నీళ్లు తిరిగాయి.

“సూడండి, ముసిల్దాన్ని కాయడానికి నిందంతా తన మీదేసుకున్నారు. ఎంత మంచి మనసమ్మా మీది!”

“మేడమే అంత మాటన్నాక నాదేటున్నాది?” అంది కుమారి తల దించుకుని. “ఒసే తవిటీ, ఉండవే. నీ కవళ్లు కూడా ఒక ట్రేలో ఎట్టుకో, రా.”

తవిటమ్మ పరుగున వచ్చి దుర్గాభవాని రెండు చేతులూ కళ్లకద్దుకుంది. బతుకులో ఒక్కసారి ఉన్నదున్నట్టు చెబితే, దానికీ దండ వేసి కూచోబెట్టారు. నవ్వనిది ఒక్క ఝాన్సీయే.

తిరిగి వస్తుంటే జీపులో ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు. ఊరు దాటాక ఝాన్సీ అడిగింది.

“ఫ్యాను పొగ లాగేసిందని మీకు తెలుసు కదా మేడమ్?”

“తెలుసు.”

“ఆ మాట చెప్పినా తవిటమ్మ మీద నింద పోయేది.”

దుర్గాభవాని చూపు దించుకుంది. ఆ కుళ్లు మాట నిజమేనని పిల్లకి అర్థమైపోయింది.

“రేకు మీద కింద ఖాళీ ఉంది,” అంది ఝాన్సీ మెల్లగా. “మీ పేరు కూడా వేయిస్తాను మేడమ్. ల్యాబు వెనక మీ పెట్టె చూసే కదా నేను మొదలుపెట్టాను.”

రెండేళ్లుగా ఆవిడ ఎదురుచూసిన మాట అది. ఊఁ అంటే చాలు. ఇత్తడి మీద తన పేరు అక్షరం అక్షరం కళ్ల ముందు మెరిసింది.

“ఆ రాళ్లు నాకు తోచలేదే,” అంది చివరికి. “అన్నేళ్లు ఆ దారినే తిరిగాను, నాకు తోచలేదు. కనిపెట్టినవాళ్ల పేరే ఉండాలి. ఆ రూలు రాయించింది నేనే.”

“రూలుదేముంది మేడమ్, నేను రాసిస్తే...”

“నోర్ముయ్!”

కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఝాన్సీ ఏమీ చూడనట్టు డ్రైవరుతో రోడ్డు గుంతల గురించి మాట్లాడటం మొదలుపెట్టింది. ఆ పిల్ల అంత మంచిది అయినందుకు కూడా దుర్గాభవానికి కుళ్లు పుట్టింది.