పెద్ద ప్యాకెట్టు పోని దారి

"ఆ కంప్యూటరు పెట్టి ముందు ఎంతసేపు కూకుంతావే ప్రమోదినీ? ఇక్కడ పప్పు మెత్తబడిపోతంది," అని పోలమ్మ వాకిట్లోంచి కేకేసింది. పొద్దున్నుంచి ఇది మూడో కేక.

గాలికి మెత్తబడితే జీడిపప్పు మీద ఎర్రపొట్టు గోటికి రాదు. ప్రమోదిని లేచి వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. నిండుపప్పు ఓ పక్కకి, బద్ద ఓ పక్కకి, ముక్క ఇంకో పక్కకి. ఆరేళ్ళుగా ఇదే పని. సాయంత్రానికి పప్పంతా డబ్బాల్లోకి ఎక్కుతుంది, డబ్బాల మీద భర్త యుగంధర్ పేరుంటుంది. పొట్టు తీసిన చేతులెవరివని పలాసలో ఏ ఇంట్లోనూ ఎవరూ అడగరు. ప్రమోదినికీ నిన్నటిదాకా అడగాలని తోచలేదు.

యుగంధర్ ఇంటి ముందుగదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాడు. కిందటేడు బ్రాడ్‌బ్యాండ్ వచ్చిన దగ్గర్నుంచి ఓ తెగులు పట్టుకుంది. నాలుగు మాటల ఉత్తరమైతే చక్కగా పోయేది. ఫోటో జతచేస్తే చాలు, బిగుసుకుపోయేది. వజ్రపుకొత్తూరు నుంచి కిడ్నీ రిపోర్టులు విశాఖ డాక్టరుకి పంపుదామని వచ్చినవాళ్ళు గంటలు కూర్చుని ఉసూరుమని బస్సెక్కేవారు. "వైరు బాగోలేదు," అనేవాడు యుగంధర్. టెక్కలిలో ఎంసీఏ చదివి, అక్కడే రెండేళ్ళు పాఠాలు చెప్పి, పెళ్ళితో మానేసిన ప్రమోదిని మూడు వారాల మధ్యాహ్నాలు ఖర్చుపెట్టి అసలు సంగతి పట్టుకుంది.

కంప్యూటరు దేన్నైనా ప్యాకెట్లుగా కోసి పంపుతుంది. దారిలో ఎక్కడో ఇరుకు చోటుంటే పెద్ద ప్యాకెట్టు అక్కడ ఆగిపోతుంది. ఆపినవాడు "పట్టలేదు, చిన్నది చేసి పంపు" అని కబురు చెయ్యాలి. మధ్యలో ఇంకెవడో ఆ కబురునీ మింగేస్తాడు. ఇవతల కంప్యూటరు ఏమీ తెలియక అదే సైజు మళ్ళీ మళ్ళీ పంపుతూనే ఉంటుంది.

ఇది అర్థం కావడానికి ప్రమోదినికి పుస్తకం అక్కర్లేకపోయింది. పెళ్ళైన రెండో ఏడు, అన్నాలప్పుడు, "నేను మళ్ళీ కాలేజీకి వెళ్తాను, ఎనిమిది గంటల బస్సుకి వెళ్ళి నాలుక్కల్లా వచ్చేస్తాను, పొద్దుటి పనంతా చేసే వెళ్తాను" అంది. ఎవరూ వద్దనలేదు. మామ మజ్జిగ అడిగాడు. పోలమ్మ మజ్జిగ తేవడానికి లేచింది. "సూద్దాంలే," అన్నాడు యుగంధర్. ఇంకో రెండుసార్లు అడిగింది. అదే మజ్జిగ, అదే సూద్దాంలే. కోప్పడినా బాగుండేది, కనీసం ఎక్కడ ఆగిందో తెలిసేది. ఆ తర్వాత తనే మాటల్ని కోసుకుంది. ఉప్పు సరిపోయిందా? సరే. అలాగే. ఇవన్నీ ఇంట్లో హాయిగా చెల్లిపోయాయి.

అలా తగ్గడం అలవాటైన ఆ బుర్రతోనే కోడ్ రాసింది. జవాబు రాకపోతే ఎవరి కబురు కోసమూ ఎదురుచూడక్కర్లేదు, సిస్టమే సైజు తగ్గించుకుంటూ పోయే దారి వెతుక్కోవాలి. ఆ సెంటర్ కంప్యూటర్లలో నడిచేది ఊరూ పేరూ ఎరగని వేలమంది కలిసి రాసుకునే ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరు దిద్ది పంపినా అందులో పెద్దవాళ్ళు చదివి చూస్తారు, కింద రాసినవాళ్ళ పేరుండాలి.

"నా మెయిల్ ఐడీ ఉంది గదేటి, దాన్లోంచి పంపీ," అన్నాడు యుగంధర్. "ఇంట్లో సరుకు ఇంటాయన పేరున పోతే తప్పేటి?"

డబ్బాల సంగతి లాంటిదే కదా అనుకుని ప్రమోదిని అలాగే పంపింది.

దానికి ఆ పెద్దవాళ్ళ జవాబు ఈ ఉదయం వచ్చింది. "యుగంధర్ గారూ, మంచి పని. ఒక లోపం ఉంది. మీ కోడ్ ఒకసారి చిన్నదైతే ఇక అక్కడే ఉండిపోతోంది. దారి తర్వాత బాగుపడి ఉండొచ్చు. అప్పుడప్పుడు కాస్త పెద్దది పంపి చూడాలి. పోతే ఆ ఒక్క ప్యాకెట్టేగా పోయేది."

పొట్టు తీస్తున్న చేతులు ఆగిపోయాయి. నాలుగేళ్ళుగా ఒక్కసారైనా పెద్ద మాట పంపి చూశానా? ప్రమోదినికి తన మీద తనకే కోపం వచ్చింది.

ముందుగదిలోంచి యుగంధర్ గొంతు వినిపించింది, పక్క కొట్టు లోకనాథంతో. "నా కోడ్ బాగుందని ఫారినోళ్ళు రాసినారు మావా. సిన్న మార్పేదో సెప్పినారు, సేసి పంపిత్తాను."

ప్రమోదిని చేతులు దులుపుకుని లేచింది.

"మళ్ళీ ఎక్కడికే?" అంది పోలమ్మ.

"మార్పు నేనే సెయ్యాల అత్తా."

గంటన్నర పట్టింది. కాసేపు సాఫీగా సాగితే ఓ మెట్టు పెద్ద సైజు పంపి చూసేలా రాసింది. చివరి వరుసలో భర్త పేరు చెరిపి, తన పేరు కొట్టింది.

యుగంధర్ వెనకనుంచి చూశాడు. "అదేటి? అక్కడ నా పేరుండాల గదా?"

"రాసింది నేను బావా. పేరూ నాదే ఉంతాది."

అతను ఇంకా అక్కడే ఉన్న లోకనాథం వైపు చూసి నవ్వబోయాడు. "సరేలే, తర్వాత సూద్దాంలే."

ఆ మాట వినగానే పాత అలవాటుకొద్దీ గొంతు చిన్నదవబోయింది. ఆపుకుంది.

"సోమారం నుంచి టెక్కలి కాలేజీలో అడుగుతాను పాఠాలకి. ఎనిమిదింటి బస్సుకి పోతాను. పప్పు పొట్టు పొద్దున నువ్వూ తియ్యాల, అత్త ఒక్కర్తీ తియ్యలేదు. మిమ్మల్నెవర్నీ అడగతం లేదు బావా, సెప్తన్నాను."

ప్రమోదిని జవాబు కోసం ఆగకుండా పంపే మీట నొక్కింది.