నిచ్చెన దిగేదాకా

మరిగే నూనె ఒలికి మా ఆవిడ కుడిచెయ్యి కాలింది. పుండు మానింది గాని వేళ్లు కొయ్యబారాయి. ఇప్పుడు వంచకపోతే ఇక ఎప్పటికీ మూసుకోవని డాక్టరమ్మ చెప్పింది. వంచబోతే నొప్పికి తట్టుకోలేక ఆవిడ ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

మా ఇద్దరిదీ గోడలకు రంగులేసే పని. నేను నిచ్చెన ఎక్కితే ఆవిడ కింద పట్టుకునేది. కంట్లో రంగు పడుతుందని తల వంచుకుని నిలబడేది. అందుకని దిగానని నేను నోటితో చెప్పాలి. అప్పటిదాకా వదిలేది కాదు. పని దగ్గర నేను మాట్లాడే మాట అదొక్కటే.

డాక్టరమ్మ హిప్నాటిజం చేద్దామంది. ఇంటి గుట్టంతా నోటివెంట లాగుతారేమోనని ఆవిడ భయపడింది. ఇది నిద్రా కాదు, మంత్రమూ కాదంది డాక్టరమ్మ. నొప్పి చేతిలో పుట్టినా తెలిసేది మెదడుకేనట. ధ్యాసంతా ఒకచోట కుదిరితే మెదడు దాన్ని దూరం పెట్టగలదట. అందరికీ ఒకేలా పనిచెయ్యదని, ఇష్టం లేనివాళ్ల మీద అసలే పారదని కూడా చెప్పింది.

మొదటిరోజు సముద్రం ఒడ్డున పడుకున్నట్టు అనుకోమంది. ఆవిడ ఒక కన్ను తెరిచింది.

"సముద్రం నేనెప్పుడూ చూళ్లేదమ్మా. పట్టపగలు ఊరికే పడుకోవడమూ ఎరగను."

మర్నాడు డాక్టరమ్మ నన్ను మాట్లాడమంది. ఇద్దరికీ బాగా తెలిసిన పని ఏదైనా సరేనంది.

"ఈయనా? ముందు ఆ గోడకి నోరొస్తుంది" అంది మా ఆవిడ.

డాక్టరమ్మ మంచం మీద కూర్చోబెట్టి ఆవిడ చేత ఊపిరి నిదానంగా తీయించింది. నేను మొదలుపెట్టాను. గోడ గీకాం. గుంటలు పూడేలా లప్పం పెట్టాం. ఆరాక ఉప్పుకాగితంతో నున్నగా రుద్దాం. చన్నీళ్ల బకెట్లో చేతులు కడుక్కున్నాం. చెబుతుంటే ఆవిడ మొహంలో బిగువు సడలింది. పని దగ్గర లాగే తల కిందికి వాలింది. ఇంకేం చెప్పాలో తోచక, తరవాత వచ్చేదే చెప్పాను.

"నిచ్చెన ఎక్కుతున్నాను. పట్టుకో."

ఆవిడ రెండు చేతులూ లేచి మంచం పక్క కమ్మీని పట్టుకున్నాయి. కుడిచేతి వేళ్లు మెల్లగా, ఒకదాని వెనక ఒకటి, కమ్మీ చుట్టూ వంగాయి. నేను ఆ వేళ్లనే చూస్తూ చెప్పడం ఆపేశాను. ఆపొద్దని డాక్టరమ్మ సైగ చేసింది. మాటల్లోనే గోడ పై అంచు నుంచి కిందికి రంగు వేసుకుంటూ వచ్చాను.

కాసేపటికి డాక్టరమ్మ కళ్లు తెరవమంది. ఆవిడ తెరిచింది. మమ్మల్ని చూసింది. చెయ్యి మాత్రం వదల్లేదు. ఇక వదలమని డాక్టరమ్మ మళ్లీ చెప్పింది. నొప్పి తిరిగొస్తున్నట్టుంది, ఆవిడ పెదవి కొరుక్కుంటోంది. అయినా పట్టు సడల్లేదు. డాక్టరమ్మ విడిపించబోతే నేను అడ్డుపడ్డాను. చెప్పవలసిన మాట నేను చెప్పనేలేదు. చెబుదామని ఆవిడ దగ్గరికి వంగాను.

ఆవిడ తల దించుకుని అడిగింది.

"ఏమయ్యా, దిగావా?"

"దిగాను."

అప్పుడు వదిలింది.