తలుపు చెప్పిన అప్పులు

ఇది చాలా చిన్న కథ. పొయ్యి మీద పాలు పొంగేలోపు అయిపోతుంది. మలుపులో ఉన్న గది కోసం కళ్లజోళ్లామె అప్పు అడిగింది, బ్యాంకు ఇవ్వలేదు. అంతే. కానీ ఎందుకివ్వలేదో చెప్పాలంటే వాళ్లింటి తలుపు సంగతి చెప్పాలి, తలుపు సంగతి చెప్పాలంటే ఆమె మొగుడి పొదుపు సంగతి చెప్పాలి. అది మొదలుపెడితే పాలు పొంగడం కాదు, గిన్నె మాడుతుంది.

ఆమె రోజూ పొద్దున్నే వీధి చివరి కళ్లజోళ్ల కొట్టుకి పనికి వెళ్లేది. అద్దాల అంచులు అరగదీసేది, ముక్కు మీంచి జారేవాటి కాడలు వేడిచేసి వంచేది, కంటికి ఆనని మరమేకులు బిగించేది. కొట్టు యజమాని గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆవులించేవాడు. ఆ ఒక్క పనైనా పూర్తిగా చేసేవాడా అంటే అదీ లేదు, సగంలో ఆపేసేవాడు.

మలుపులో గది ఖాళీ అయింది. దానికి ఉత్తరపు కిటికీ, కన్ను అలసిపోని వెలుతురు. అక్కడ తన సొంత బల్ల వేసుకోవాలని ఆమె ఆశ. వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి కిటికీ గట్టుని జానతో కొలిచేది, అది రాత్రికి రాత్రి పెరుగుతుందన్నట్టు. గది యజమాని వచ్చే నెలాఖరు దాకా ఆగుతానన్నాడు.

మిగతా ఊళ్ల సంగతేమో గానీ, ఆ ఊళ్లో ఎవరు అప్పు చేశారు, ఎవరు కట్టారు, ఎవరు ఎగ్గొట్టారు అన్నది వాళ్ల తలుపులకి తెలుసు. వాయిదా కట్టొచ్చి గడియ వేస్తే తలుపు గుర్తుపెట్టుకునేది. అప్పులవాడు తలుపు తట్టినప్పుడు "ఆయన ఇంట్లో లేరు" అని లోపల్నుంచి ఆయనే చెప్పినా గుర్తుపెట్టుకునేది. వినికిడి సంస్థ గుమస్తా వీధి వీధీ తిరిగి, తలుపులకి గొట్టం ఆనించి విని, అందరికీ మార్కులు వేసేవాడు. బ్యాంకులు ఆ మార్కులు కొనుక్కునేవి. పెళ్లిసంబంధాల వాళ్లు కూడా అడిగేవారు గానీ, దారినపోయే వాళ్లకి చెప్పకూడదని చట్టం. ఆ లోటు ఇరుగుపొరుగు తీర్చేవారు.

కాదన్నప్పుడు కారణం చెప్పాలన్నది కూడా చట్టమే. బ్యాంకువాళ్లు మర్యాదగా చెప్పారు. "మీ తలుపు మీ గురించి మంచిగా చెప్పలేదండీ. ఏం చెప్పిందో సంస్థకి వెళ్లి వినొచ్చు. మీ హక్కు, పైసా ఖర్చు లేదు."

తన ఇంటి తలుపు మాట వినడానికి ఆమె రెండు బస్సులు మారి వెళ్లింది.

"పడవ కొనడానికి అప్పు తీసుకున్నారు. మూడేళ్లుగా వాయిదా కట్టలేదు," అని గుమస్తా చదివాడు.

"పడవా? మాకు కుళాయిలోనే నీళ్లు సరిగ్గా రావండీ!"

ఇంటికొచ్చేసరికి ఆమెకి విషయం వెలిగింది. కిందటి వానల్లో వాళ్ల తలుపుకి చెదపట్టింది. మొగుడు పాత కలప అడితికి వెళ్లి, ఎవరో విప్పి అమ్ముకున్న తలుపు చవగ్గా తెచ్చి బిగించాడు.

"తలుపు కొనేముందు ఏం చెప్తుందో విన్నారా?"

"కిర్రుమనకుండా ఉందా లేదా అని చూశాను," అన్నాడాయన.

"చవగ్గా వస్తే జ్వరం కూడా రెండు తెచ్చుకుంటాడమ్మాయ్, వీడు," అంది అత్తగారు పడుకున్న చోటు నుంచే. పాత తలుపులో చెద తినని పైభాగం కోసి, రెండు స్టూళ్ల మీద వేసి, నడుంనొప్పికి మంచిదని ఆవిడకి మంచం చేశారు. "నీ పాత తలుపూ తక్కువది కాదు. కన్ను మూస్తే చాలు, కుట్టుమిషను వాయిదా కట్టేశారు, కట్టేశారు అని గొణుగుతుంది."

ఆమె మళ్లీ రెండు బస్సులు మారింది.

"అభ్యంతరం చెప్పే హక్కు మీకుంది," అన్నాడు గుమస్తా. "ముప్పై రోజుల్లో విచారిస్తాం."

"తలుపే మార్చేస్తే?"

"మార్చండి. కొత్త తలుపుకి ఏమీ తెలీదు. ఏమీ తెలీని తలుపుకి మార్కులుండవు. మార్కుల్లేని వాళ్లకి అప్పుండదు."

సంస్థ పడవ అప్పిచ్చినవాళ్లని అడిగింది. వాళ్లు, తలుపేమంటోంది అన్నారు. సంస్థ తలుపుని అడిగింది. తలుపు ముందు చెప్పిందే చెప్పింది. అన్నీ ఒకే మాట మీదున్నాయి కాబట్టి నిజమేనని తేల్చారు.

ఇక మిగిలిన హక్కు ఒక్కటే. మన మాట కూడా చీటీ మీద రాసి తలుపుకి మేకు కొట్టుకోవచ్చు. "ఈ తలుపు మాది కాదు, పడవ మాది కాదు" అని ఆమె కొట్టింది. మర్నాడే ఒకాయన వచ్చి, "మీది కాదంటున్నారుగా, ఎంతకిస్తారు?" అన్నాడు. మొగుడు కాసేపు బేరం కూడా ఆడాడు.

ఆ మేకు కొట్టిన మాట చూసుకోవడానికి గుమస్తా వచ్చాడు. ఆమె అతన్ని చెయ్యి పట్టుకున్నంత పని చేసి లోపలికి తీసుకెళ్లింది. "ఇదేనండీ మా అసలు తలుపు. వినండి."

అతను గొట్టం ఆనించాడు. మొహం విప్పారింది. "ఇంత శుభ్రమైన చరిత్ర ఈ వీధిలో వినలేదమ్మా!"

"అది మాదేనండీ!"

"గుమ్మానికి లేదు కదమ్మా."

"ఇప్పుడే బిగించేస్తాం!"

"బిగించినా కింద మూరెడు ఖాళీ మిగిలేదాన్ని సంస్థ తలుపనదు. ఇది మంచం. మంచం చరిత్ర పడుకునేవాళ్లది. ఎవరు పడుకుంటారు?"

"నేనే నాయనా," అని అత్తగారు చెయ్యెత్తింది. "నడుంనొప్పి."

కోడలు అతని కళ్లజోడు వదులుగా ఉంటే తీసుకుని బిగించి ఇచ్చింది. చేతికి వేరే పని తోచలేదు.

అడిగినవాళ్లకి ఇవ్వకపోయినా, మంచి మార్కులున్నవాళ్లని బ్యాంకులే వెతుక్కుంటూ వస్తాయి. నెలాఖరు గడువుకి ముందురోజు ఒకాయన వచ్చి అత్తగారికి అప్పు ఇస్తామన్నాడు. ఆవిడ అడగలేదు. అయినా వద్దనలేదు.

మలుపులో గది ఇప్పుడు ఆవిడ పేరు మీదుంది. కళ్లజోడు పెట్టుకుంటే మనుషులు మరీ స్పష్టంగా కనిపిస్తారని ఆవిడ పెట్టుకోదు. గల్లాపెట్టె దగ్గర కూర్చుని ఆవులిస్తుంది, పాత యజమానిలా కాదు, పూర్తిగా. కోడలు ఉత్తరపు కిటికీ దగ్గర జీతానికి అంచులు అరగదీస్తుంది. నెలనెలా బ్యాంకుకి వెళ్లి వాయిదా కట్టొచ్చేదీ ఆమే. వచ్చి గడియ వేయగానే, పడవ అప్పు ఇంకా కట్టలేదంటుంది తలుపు. అత్తగారు కట్టేశారంటుంది మంచం.