సగం చూసిన సినిమా

ఆ ధ్యాన బృందంలో ప్రతి ఆదివారం ఒకరు లేచి, ఈమధ్య చూసిన సినిమాలోనో చదివిన నవలలోనో తమకు దొరికిన ఆధ్యాత్మిక సత్యం చెప్పాలి. భక్తి సినిమాలు పనికిరావు. ఎవరూ ఊహించని చోట వెతకాలి, అదీ నియమం. ఈసారి వంతు కాలేజీలో లెక్కలు చెప్పే మాస్టారిది. వాళ్ళ ఇంటావంటా డిగ్రీ మొహం చూసిన మొదటివాడు. కొడుకు మాట్లాడతాడని తెలిసి, తాపీమేస్త్రీ అయిన తండ్రి ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు వరుసలోనే కూర్చున్నాడు.

మాస్టారు ఎంచుకున్నది ఓ పక్కా కామెడీ సినిమా. విందుకు వంట చేయడానికి వచ్చినవాడు యజమాని కోటు తొడుక్కుంటాడు. అందరూ అతన్నే యజమాని అనుకుంటారు.

"ఆ కోటు ఏమిటండీ? మన అహంకారం! చివరికి అందరి ముందూ దాన్ని విప్పేస్తాడు. అదే విముక్తి!"

చప్పట్లు మొదలవబోతుండగా తండ్రి గొంతు ఖంగుమంది. మూడో అంతస్తు నుంచి సిమెంటు కోసం కేకలేసీ కేకలేసీ ఆ గొంతు మెల్లగా మాట్లాడటం ఎప్పుడో మరిచిపోయింది.

"విప్పేశాడా! మనం వచ్చేసేటప్పటికి ఇంకా గుండీ మీదే చెయ్యి పెట్టాడు కదరా?"

హాలు గొల్లుమంది.

"విప్పడండీ బాబూ," అంది వెనక కూర్చున్న నర్సు, నవ్వాపుకోలేక. "ఇంటర్వెల్ అయ్యాక దానిమీద ఇంకో కోటు వేసుకుంటాడు."

"సగం సినిమాకి సగం సత్యమే లెండి మాస్టారూ!" అన్నారెవరో.

"వాడి తప్పేం లేదండీ," తండ్రి లేచి నిలబడ్డాడు. "ఆరోజు పాపం వాడికి తలనొప్పి. లేకపోతే పూర్తిగా చూసేవాడే."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చూడని ముగింపు కల్పించి చెప్పినందుకు కాదు. ఆరోజు అతనికి ఏ తలనొప్పీ లేదు. తండ్రి ప్రతి జోకుకీ సినిమా హాలు అదిరేలా నవ్వుతుంటే, ముందు సీట్లలోని తోటి లెక్చరర్లు వెనక్కి తిరిగి చూశారు. ఇంటర్వెల్‌లో వాళ్ళు వచ్చి "ఈయనెవరు?" అని అడిగేలోపే తండ్రిని బయటికి లాక్కొచ్చేశాడు.

"సాయంత్రం ఆటకి వెళ్దాం నాన్నా. మిగతాది చూద్దాం," అన్నాడు ఇంటికి వెళ్తూ.

"ఎందుకురా, కథ తెలిసిపోయిందిగా?"

"రా నాన్నా."

తెర మీద వంటవాడు రెండో కోటులో చేతులు దూర్చలేక నానా తిప్పలూ పడుతున్నాడు. హాలంతా పడీ పడీ నవ్వుతోంది. పక్క సీటులోంచి మాత్రం చప్పుడు లేదు. మాస్టారు తిరిగి చూశాడు. తండ్రి చేతిరుమాలు నోట్లో కుక్కుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. కళ్ళ వెంట నీళ్ళు.

"అదేంటి నాన్నా? నవ్వు."

"వద్దులేరా." తండ్రికి గుసగుసలాడటం వచ్చని కొడుక్కి అప్పుడే తెలిసింది. "మళ్ళీ నీకు తలనొప్పి వస్తుంది."

మాస్టారు తెర వైపు తిరిగాడు. వంటవాడు చివరికి ఏం చేశాడో ఈసారి కూడా చూడలేకపోయాడు.